పొద్దుగూకే గీత

రేడియో ముల్లును ముట్టుకోకూడదు, డబ్బానే తిప్పాలి, ఆ మాట కడప రేడియో స్టేషన్లో ఇంజనీరు సారు చెప్పకముందే మా అత్తకు తెలుసు, ఎట్లా తెలుసంటే చెప్పలేదు, ఆమె చేతికి తెలుసు అంతే, అందుకే రేడియో పెట్టే నాపబండ మీద ఎర్ర జాజుతో రెండు గీతలు గీసి పెట్టుకుంది, ఒకటి పగటి గీత, ఒకటి పొద్దుగూకే గీత, పగలంతా డబ్బా గోడకు సమానంగా ఉంటుంది, పొద్దు గూకుతూనే దాని కొస రాళ్లకొండ వైపు తిరగాలి, ఇప్పుడు నేను ఆ బండ తుడుస్తున్నాను, తడిగుడ్డ గీతల మీద పడకుండా వాటి చుట్టూ తుడుస్తున్నాను, ఎందుకంటే పెళ్లయి వచ్చిన కొత్తలో ఒకసారి మరకలనుకుని రెండూ తుడిచేశాను, ఆ సాయంత్రం అత్త వార్తలు అయిపోయేదాకా డబ్బాను ఇటు అటు తిప్పి వెతుక్కుని, మళ్లీ జాజు తడిపి గీసుకుని, అప్పుడు అంది, మరకలు గాదు పాపా, ఇది పగలు కడప, ఇది పొద్దుగూకినాక కడప, అంతే, ఆ ఒక్క మాటతో అయిపోయింది, వేరే ఇంట్లో అయితే ఆ గీతలు ఎన్ని ఏండ్లు నా ముందర తిరిగి తిరిగి వచ్చేవో, ఆరేండ్లయింది, ఈ ఇంట్లో నాకు కష్టం అని చెప్పుకోవడానికి వెతికినా ఏమీ దొరకదు, కంది చేను బాగుంది, పూత నిలిచింది, వాకిట్లో ఎండ పచ్చగా వాలుతోంది, రేడియోలో కొత్త సెల్లులు రెండు పొద్దున్నే వేశాను, అయినా బండ తుడిచిందే తుడుస్తున్నాను, ఆరున్నరకు నేను మాట్లాడింది రేడియోలో వస్తుంది, దాంట్లో అత్త పేరు ఉందో లేదో నాకు తెలియదు.

తెలియకపోవడం ఏంది, మాట్లాడింది నువ్వే గదా అంటుంది పక్కింటి విశ్వాసమ్మక్క, నిజమే, నేనే, మూడు వారాల కింద, మహిళా సంఘం మేడంతో బస్సులో కడప పోయి, గోడలకంతా మెత్తటి గుడ్డ కొట్టిన గదిలో కూర్చున్నాను, అక్కడ మాట నోట్లోనుంచి బయటికి రాంగానే ఎండిపోయినట్టుంది, అడిగే ఆమె మంచిది, నీళ్లిచ్చింది, గాజులు చప్పుడు చేస్తాయమ్మా కాసేపు తీస్తారా అంది, మట్టిగాజులు తీయనండీ అని కొంగు చించినంత పని చేసి రెండు ముంజేతులకూ గట్టిగా చుట్టుకున్నాను, ఆమె నవ్వి సరే అంది, ఎర్రబల్బు వెలిగింది, కందులు విత్తనానికి ఎట్లా దాచిపెడతారో చెప్పండి అంది, చెప్పాను, ఎర్రమన్ను నీళ్లలో కలిపి గింజకు పట్టించి మూడు ఎండలు ఎండబెట్టాలని, కుండలో ఒక పొర బూడిద, ఒక పొర కందులు, మధ్యలో ఎండిన వేపాకు వేయాలని, పురుగు రాదని, బాగానే చెప్పాను, అప్పుడు ఇదంతా మీకెవరు నేర్పించారు అంది, మా అత్త అన్నాను, ఆమె వింటూ ఉంటారు కదా, ఆమె పేరు చెప్పండి అంది, నేను నోరు తెరిచాను, తెరిచింది గుర్తుంది, బల్బు గుర్తుంది, కొంగు కింద గాజులు ఒకదానికొకటి నొక్కుకున్నది గుర్తుంది, ఆ తర్వాత గుర్తుండేది వేపాకు ఎన్నాళ్లకు మార్చాలి అన్న ప్రశ్న, మధ్యలో చెప్పానా, మింగేశానా, ఎంత తవ్వినా దొరకదు, బయటికొచ్చినాక ఇంజనీరు వసంతకుమార్ సారు ఎనిమిది నిమిషాలొచ్చిందమ్మా, ఆరుకు కుదిస్తాం అన్నాడు, ఒకవేళ చెప్పినా ఆ కోతలో పోయిందేమో, అడగాలంటే సిగ్గు, ఏం సారూ నేను మా అత్త పేరు చెప్పినానా అని ఎవరైనా అడుగుతారా.

మాలో కోడలు అత్త పేరు పలకదు, మొగుని పేరు పలకదు, ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, మా అమ్మ పలకదు కాబట్టి నేను పలకను, గ్రామ సచివాలయంలో అబ్బాయి అత్త పేరు చెప్పక్కా అంటే ఆధార్ కార్డు చేతిలో పెట్టి దాంట్లో ఉండాది చూడప్పా అంటాను, రేషన్ బియ్యం బండి అతనికి అలవాటై అడగడమే మానేశాడు, మనసులో అనుకునేటప్పుడు కూడా అత్త అనే వస్తుంది, పేరు దాకా పోయి మనసే వెనక్కి తిరుగుతుంది, పేరు పెట్టి చెప్తే నాలుక కాలిపోతాదా పాపా అని నవ్వుతుంది విశ్వాసమ్మక్క, మేమైతే ప్రార్థనలో ఒక్కొక్కరి పేరూ పెట్టే చెప్తాం, ఉత్తగా అత్త అంటే ఎవురత్త అని దేవునికి తెలియద్దూ అంటుంది, నేను నవ్వుతాను, నాకు మామూలుగానే మాట తక్కువ, బడిలో హాజరు పిలిచేటప్పుడు నేను ఉన్నాను సార్ అన్నది సారుకు వినపడక నెలలో పది రోజులు రానట్టే పడేది, ఆ బడి కూడా ఒకే గది, మూడో తరగతికి తెలుగు ఒక పక్క, ఐదో తరగతికి లెక్కలు ఒక పక్క, ఇద్దరు సార్లు ఒకేసారి, పద్యం మధ్యలో భిన్నాలు, అయినా మాకు కష్టం కాలేదు, మన సారు ఎటుంటే అటు తల వంచుకుంటే రెండో గొంతు పలచబడేది, అందుకేనేమో ఈ రేడియో నాకు మొదటినుంచీ వింతగా లేదు, పొద్దుగూకితే కడప మీద ఇంకెవరో వచ్చి మాట్లాడతారు, పాడతారు, ఏ భాషో తెలియదు, వసంతకుమార్ సారే చెప్పాడు, ముల్లు నిలబెట్టే నంబర్లు తక్కువమ్మా, స్టేషన్లు ఎక్కువ, అందుకని దూరదూరంగా ఉండేవాళ్లకు ఒకే నంబరిస్తారు, పగలు గొంతు నేలబారున పోతుంది, ఒకరిది ఒకరికి చేరదు, పొద్దుగూకినాక పైకి ఎగిరి ఆకాశాన తగిలి యాడో దూరంగా కింద పడుతుంది, అట్లా వాళ్లది మీ ఊళ్లో పడుతుంది, మనది వాళ్ల ఊళ్లో, లోపల ఒక నల్ల కడ్డీ ఉంటుంది, దాని కొస ఎటు చూస్తే అటునుంచి వచ్చే గొంతు సన్నబడుతుంది, అందుకే ముల్లు కాదు, డబ్బా తిప్పాలి, నేను వింటూ వింటూ మా అత్త గీతల సంగతి చెప్పాను, ఆయన చేతిలో టీ గ్లాసు అట్లాగే పట్టుకుని, ఆమె చదువుకున్నారా అన్నాడు, లేదు సారూ, విన్నది అన్నాను.

విన్నది, నలభై ఏండ్లు, ఒక్కటి తప్ప అన్నీ విన్నది, ఆ ఒక్కటీ ఆమె నాకు చెప్పింది ఒకే ఒకసారి, కందులకు మన్ను పట్టిస్తూ, చేతులు మోచేతుల దాకా ఎర్రగా చేసుకుని, తల ఎత్తకుండా, అప్పుడు ఆమెకు పెండ్లయి ఏడాదంట, మామ పత్తికొండకు టమేటా బండి తోలుకుపోయి వచ్చేటప్పుడు ఈ రేడియో తెచ్చినాడంట, ఆ తర్వాత ఎవరికీ చెప్పకుండా ఓర్వకల్లులో కోమటి రామకోటయ్య అంగట్లో కార్డు రాయించి రేడియోలో కోరిన పాటల కార్యక్రమానికి పంపినాడంట, ఆమె పేరు ముందర, తనది వెనక, ఆ సాయంత్రం ఇదే అరుగు మీద ఇద్దరూ కూర్చుంటే పేర్లు చదువుతాండారు, ఆదోని నుంచి ఎవరెవరో, నంద్యాల నుంచి ఎవరెవరో, మన ఊరి పేరు వచ్చింది, ఊరి పేరు ఇనపడింది పాపా, కరెక్టుగా అప్పుడు ఆ రెండోది లేచి మీద పడె, ఏదో డోలు, ఏదో పాట, మీ మామకు తెలియక ముల్లు పట్టి తిప్పె, రెండూ పోయె, కరకరా అని గాలి, మళ్లీ దొరికేసరికి పాట సగమాయె, ఊళ్లో అందరూ విన్నారంట, పొద్దున నీళ్లకాడ అందరూ నీ పేరు వచ్చింది, నీ పేరు వచ్చింది అని, నేనొక్కదాన్నే ఇన్లేదు, అని చెప్పి ఆమె పెద్దగా నవ్వింది, మూతి తుడుచుకుంటే చెంపకు ఎర్రమన్ను అంటింది, ఆ తర్వాత కార్డు రాయలేదా అత్తా అంటే, ఎన్నితూర్లు రాస్తారు మ్మే, సిగ్గుండద్దూ అంది, ఆ మాట అన్నప్పటినుంచే నేను కడప పోతానని నాలో ఎక్కడో అనుకున్నట్టుంది, లేకపోతే మాట తక్కువదాన్ని, మేడం అడగ్గానే వస్తానని ఎందుకన్నాను, అంత దూరం పోయి, ఆమె పేరు రేడియోలో చెప్పే ఆ ఒక్క పనికోసం పోయి, చేశానో లేదో తెలియకుండా తిరిగి వచ్చాను, ఇంటికొచ్చినరోజు అత్త అన్నం పెడుతూ, ఎవురు నేర్పించిరని అడిగిండారా అంది, అడిగినారత్తా అన్నాను, ఏం చెప్పినావు అంది, నువ్వే అని చెప్పినా అన్నాను, నువ్వే అంటే అంది, నేను నీళ్ల చెంబు కోసం లేచిపోయాను, ఈ మూడు వారాల్లో అత్త మళ్లీ అడగలేదు.

విమానం పోయింది, చిన్నది, రోజూ ఈ వేళకే రాళ్లకొండ మీదుగా వాలుతుంది, అది పోయిందంటే ఇక పొద్దు గూకినట్టే, అత్త ముఖం కడుక్కుని ఉతికిన చీర కట్టుకుంది, పెండ్లికి కట్టే ఆకుపచ్చది, ఏం వదినా ఎవురింటికి పేరంటం అంటూ విశ్వాసమ్మక్క వేరుశనగ కాయలు ఒడిలో పోసుకొచ్చి అరుగు మీద కూర్చుంది, మా కోడలింటికి అంది అత్త, నాకు నవ్వొచ్చింది, మా ఆయన గేటు దగ్గర బండి దిగకుండానే ఫోన్ తీశాడు, మ్మా, ఈ డబ్బాతో ఏం కష్టం, ఫోన్లో కడప నీళ్లలెక్క తేటగా వస్తాది, ఇదో చూడు, సిగ్నల్ గేటుకాడే ఉండాది, అందరూ ఈడికి రాండి అన్నాడు, ఒరే నాయనా, నీ ఫోన్లో వచ్చేది మనిషి మాట్లాడి సల్లారిపోయినాక వస్తాది, ఒక నిమిషం ఎనక, నేను ఎంగిలి మాట ఇన్ను, అది నువ్వు ఇనుకో అంది అత్త, విశ్వాసమ్మక్క కాయలు ఒలిచేది ఆపి నవ్వింది, అది నిజమే, పోయిన వారం వార్తలప్పుడు చూశాము, రేడియోలో వార్తలు చదివే ఆమె నమస్కారం చెప్పి పోయినాక ఫోన్లో ఆమె ఇంకా వాన గురించి చెప్తూనే ఉంది, మా ఆయన ఓడిపోయి గేటు దగ్గరే బండి మీద కూర్చుని ఫోన్ పెట్టుకున్నాడు, అత్త డబ్బాను పొద్దుగూకే గీతకు తిప్పింది, కొస రాళ్లకొండ వైపు, వేళ్ల కొసలతో, అద్దం తిప్పినట్టు, కడప పైకి తేలింది, వెనక ఆ రెండోది సన్నగా, గోడ అవతల ఎవరింట్లోనో పాడుకుంటున్నట్టు.

ఓర్వకల్లు దగ్గరి రైతు మహిళ సుంకులమ్మ గారితో ముఖాముఖి, గారు అంటున్నారు నన్ను, విశ్వాసమ్మక్క నా తొడ మీద కొట్టింది, ఆ తర్వాత వచ్చిన గొంతు నాది కాదు, మా అమ్మది, కొంచెం మా చెల్లెలిది, నా గొంతు బయటినుంచి ఇట్లా ఉంటుందా, ఇంత మెల్లగానా, ఆ సారుకు హాజరు ఎందుకు వినపడలేదో ఇప్పుడు తెలిసింది, ఎర్రమన్ను అంటోంది ఆమె, మూడు ఎండలు అంటోంది, అత్త ఔను, ఔను అని తల ఊపుతోంది, ఆమెకు తెలియనిది ఏదో ఎవరో చెబుతున్నట్టు, బూడిద పొర, కంది పొర, అడుగున ఆ రెండో స్టేషను ఊపిరి పీల్చినట్టు కాసేపు దగ్గరికొస్తుంది, కాసేపు పోతుంది, అక్కడ కూడా ఒక ఆడమనిషి ఏదో చెబుతోంది, వాళ్ల ఊళ్లోనూ ఇప్పుడు ఎవరో అరుగు మీద కూర్చుని ఉంటారు, వాళ్ల మాటల మీద నా వేపాకు పోయి పడుతుంటుంది, ఎవరమ్మా ఈ మనిషి మధ్యలో అనుకుంటారేమో, ఇదంతా మీకెవరు నేర్పించారు, వచ్చింది, మా అత్త, అంది రేడియోలో నేను, అత్త తల ఊపడం ఆపింది, ఆమె వింటూ ఉంటారు కదా, ఆమె పేరు చెప్పండి, అంతే, అప్పుడే లేచింది, డోలు, పెద్ద గొంతుతో పాట, వాన గోడ లాగా వచ్చి మొత్తం మీద పడింది, అత్త చేయి డబ్బా మీదికి పోయింది, గీత దాటించింది, ఇటు, ఇంకొంచెం ఇటు, మళ్లీ వెనక్కి, విశ్వాసమ్మక్క ఓ యేసయ్యా అంది, ముల్లు ముట్టుకోలేదు అత్త, నలభై ఏండ్ల కింద మామ చేసిన తప్పు ఆమె చేయలేదు, చేయాల్సిందంతా సరిగ్గా చేసింది, అయినా కడప మళ్లీ తేలేసరికి మాట వేపాకు దగ్గరికి పోయింది, ఆరునెలలకొకసారి మార్చాలి అని తేటగా వినపడింది, ఆ తర్వాత ధన్యవాదాలు, నమస్కారం, ఎరువుల గురించి ఇంకెవరో.

అత్త చేయి డబ్బా మీదనే ఉంది, బాగా చెప్పినావు పాపా, యాడా తడబళ్లేదు అంది, విశ్వాసమ్మక్క నన్ను చూసింది, చెప్పినావా లేదా అని కళ్లతో అడిగింది, అత్త చీర కుచ్చిళ్లు సర్దుకుంది, ఆ పాట గూడ బాగుండాదిలే అంది, ఆ అనడంలో కోపం లేదు, దిగులు కూడా లేదు, అలవాటు ఉంది, అదే నాకు ఎక్కడో తగిలింది, గేటు దగ్గర ఫోన్లో నేను ఇంకా బూడిద పొర దగ్గరే ఉన్నాను, ఒక నిమిషం, అవును, ఒక నిమిషం వెనక, అక్కడ డోలు లేదు, పాట లేదు, నీళ్లలాగా తేట, ఇంకాసేపట్లో అది చెబుతుంది, నేను చెప్పి ఉంటే చెప్పినట్టు, మింగి ఉంటే మింగినట్టు, ఊరుకుంటే చాలు, నాకు ఊరుకోవడం వచ్చినంత బాగా ఇంకేమీ రాదు, చెప్పి ఉంటే మా ఆయన గేటు దగ్గరినుంచి అరుస్తాడు, మ్మా, నీ పేరు వచ్చిందీ అని, అచ్చం నీళ్లకాడ ఊరంతా చెప్పినట్టు, మళ్లీ ఆమె తప్ప అందరూ విన్నట్టే, కందిపొర అంటోంది ఫోన్, అత్తను పేరు పెట్టి పిలుస్తుంటే నేను విన్నది మామ ఒక్కడినే, చేను గట్టు మీదినుంచి, చద్ది తెచ్చినావా అని పేరును సాగదీసి కేకేసేవాడు, రాళ్లకొండకు తగిలి రెండోసారి వచ్చేది, మామ పోయి నాలుగేండ్లు, ఇప్పుడు కొడుక్కు అమ్మ, విశ్వాసమ్మక్కకు వదిన, వీధిలో పిల్లలకు అవ్వ, నాకు అత్త, ఆ పేరుతో పిలిచేవాళ్లు ఊళ్లో ఎవరూ మిగలలేదు, కార్డు మీద ఉంది, బియ్యం బండి పుస్తకంలో ఉంది, నోట్లో లేదు, నేను మర్యాద అనుకున్నాను ఇన్నాళ్లూ, నేను పలకకపోతే ఆ పేరు ఎక్కడుంటుంది, కడప ఎంత గట్టిగా చదివినా మధ్యలో ఏదో ఒక పాట పడుతుంది, నేను మూరెడు దూరంలో కూర్చున్నాను, మధ్యలో పడేది ఏమీ లేదు, ఇదంతా మీకెవరు నేర్పించారు అంది ఫోన్లో ఆమె, మా అత్త అంది నా గొంతు, ఆమె పేరు చెప్పండి అంది ఆమె.

ఈరక్క, అన్నాను.

ఇక్కడ అన్నాను, అరుగు మీద, మెల్లగా వచ్చింది, హాజరు చెప్పినట్టు, అత్త తల తిప్పింది, ఏమంటివి అంది, నా చెవులు కాలుతున్నాయి, ఈరక్క అన్నా అత్తా, నాకు కందులు నేర్పించినామె పేరు, విశ్వాసమ్మక్క ఒడిలోని కాయలన్నీ బండ మీద రాలాయి, అత్త నన్నట్లాగే చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వుతోందో ఏమో భుజాలు కదులుతున్నాయి, ఇంగోతూరి చెప్పు అంది, అనేసి తనకే సిగ్గేసి డబ్బా వైపు తిరిగి వాల్యూమ్ తగ్గించింది, పూర్తిగా, కడపా పోయింది, ఆ పాటా పోయింది, గట్టిగా చెప్పాను ఈసారి, గట్టు మీదినుంచి పిలిచినట్టు, రాళ్లకొండ దాకా పోయిందో లేదో తెలియదు, గేటు దగ్గరినుంచి మా ఆయన ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు, మ్మా, ఇన్నావా, ఇన్నావా అంటున్నాడు, ఇన్నాన్రా అంది ఈరక్క అత్త, మా ఆయనకు అర్థం కాలేదు, ఫోన్ ఏం చెప్పిందో నేను అతన్ని అడగలేదు, కడపలో ఆ ఎర్రబల్బు కింద చెప్పానో మింగానో ఇక వెతుక్కోవాల్సిన పని లేదు, నేను చెప్పింది ఇక్కడ, ఆమె విన్నది ఇక్కడ, రాలిన కాయలు ఏరుతుంటే గాజులు గలగలమన్నాయి, వాటిని కొంగుతో చుట్టుకోవాలని నాకు అనిపించలేదు.